డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు – గిండీ ద్వారము

తిరువూరు ప్రాంతము మెట్టసీమ. ఒకప్పుడిచ్చటి రైతునకు చెరువును, వానయును దప్ప వేఱు దిక్కు లేకుండెను. నాగార్జునసాగరపు ఎడమకాలువ చివరి యాయకట్టులో నీ సీమయు జేరినది. ఆ కాలువ ప్రసక్తి వచ్చినపుడెల్ల మనము స్మరింపదగిన మహనీయుడు కీర్తిశేషులు డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు. వారి యానకట్టలను గూర్చి పెక్కురు వ్రాసియున్నారు. వారు ఇంజనీరగుటకు దాటవలసి వచ్చిన ద్వారమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి.

లక్ష్మణరావుగారు 1902 జూలై 15వ తేదీన కృష్ణాజిల్లా కంకిపాడులో మధ్యతరగతి కుటుంబమున జనించిరి. తొమ్మిదవ యేటనే తండ్రిని గోల్పోయిరి. పాఠశాలలో ఆటలాడుచుండ గాయము తగిలి యొక కంటిచూపు పోయెను. ఇట్టి బాలుడు ముందు ముందు దేశపు నదులకు గట్టులు గట్టునని యానాడెవరూహింపగలరు?

ఆ కాలమున సర్కారు జిల్లాలలో గాని రాయలసీమలో గాని ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల లేదు. కాకినాడ, అనంతపురము కళాశాలలు 1946లో గాని యేర్పడలేదు. 1794లో సర్వే పాఠశాలగా బుట్టి, 1920లో గిండీకి దరలిన చెన్నపురి కళాశాలయే మనవారికి బ్రధానాశ్రయము. ఇంటర్మీడియెటు పరీక్షలో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి యుత్తీర్ణుడగుట యందలి ప్రవేశమునకు విధింపబడిన యర్హత. ఇది కాగితముపై నున్న నియమము. కాగితముపై లేని నియమములు వేఱే కలవు: పాఠములెల్ల ఆంగ్లమున జరుగును గనుక ఆ భాష కరతలామలకము కావలెను, పట్టణవాసమునకు ధనము కావలెను, వెన్నుదట్టి పంపు పెద్దదిక్కు కావలెను. మార్కులుండియు నీ రెండవ జాబితా యొద్దనే యాగిపోయిన పల్లెటూరి బాలురెందరో!

లక్ష్మణరావుగారు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించి గిండీలో బట్టము బొందిరి. మదరాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టము నందిన ప్రథములు వారే. 1939లో ఇంగ్లండునందలి బర్మింగుహాము విశ్వవిద్యాలయము వారికి డాక్టరు పట్టము నొసగెను. బర్మాలో ఆచార్యులుగ నుండిరి. స్వదేశమునకు వచ్చి రామపాదసాగర ప్రణాళికకు బనిచేసిరి. 1950లో కేంద్ర జలవిద్యుత్సంఘమున జేరి, 1954లో ప్రధాన ఇంజనీరైరి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరపు రూపకల్పనలో వారి పాత్ర మిక్కిలి గొప్పది. 1967 ఆగస్టు 4న నా సాగరపు కాలువలకు నీరు వదలిననాటికి వారు విజయవాడనుండి యెన్నికైన లోకసభ సభ్యులు, కేంద్రమంత్రి. గంగా కావేరుల ననుసంధింపవలెనను ప్రతిపాదన 1972లో చేసిరి. 1986 మే 18న దివంగతులైరి.

ఆ ద్వారమును గూర్చిన వివాదము 1950లో న్యాయస్థానముల కెక్కెను. అప్పటి మదరాసు రాష్ట్రమున నాలుగు ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలలో గలసి యున్న స్థానములు 395 మాత్రమే. ప్రతి పదునాలుగు స్థానములను కులమత వర్గములకు బంచుచుండిన ఉత్తరువును 1951 ఏప్రిల్ 9న సుప్రీముకోర్టు కొట్టివేసెను. వెనుకబడిన వర్గములకు బ్రత్యేక సదుపాయములు చేయుట కనువుగ నా యేడే రాజ్యాంగము సవరింపబడెను. మార్కులు ముఖ్యమా, అవి సంపాదింపగల యవకాశము ముఖ్యమా యన్నదే యందలి ప్రశ్న. రెండును ముఖ్యములే యని మా యభిప్రాయము. అవకాశము లేనిచోట మార్కులు బుద్ధిని గొలువవు, కలిమిని గొలుచును.

నేడు ఇంజనీరింగు చదువునకు జెన్నపురి పోనక్కరలేదు. ప్రవేశపరీక్ష యందఱకు నొక్కటియే. కాని కాగితముపై లేని జాబితా చెరిగిపోలేదు. పరీక్షకు దర్ఫీదిచ్చు శిక్షణాలయముల రుసుము నేడందు మొదటి వరుసయై కూర్చున్నది. తండ్రి లేని యొంటికంటి బాలు డొకడు ద్వారము దాటుటచే మన మెట్టపొలములకు గృష్ణ నీటిపై నాస గలిగినది. అట్టివా రింకెందరు దాటలేక మిగిలిరో లెక్కించినవారు లేరు. తిరువూరు ప్రాంత భూస్వాములు కాలువనీటితో బండిన పంటలో గొంత, తమ గ్రామమునందలి యొక్క పేదబాలుని ఇంటర్మీడియెటు చదువునకు గేటాయించిన, అది దానము కాదు, బాకీ చెల్లించుటయే యగును. లక్ష్మణరావుగారి పేర శిలావిగ్రహములు నిలుపుటకంటె నిది వారికి దగిన స్మారకమని మేము దలచుచున్నాము.