యెల్లాప్రగడ సుబ్బారావు: కణ జీవనం, కణ మరణం

కృష్ణా గోదావరుల నడుమ కాలువల సీమలోని భీమవరంలో 1895 జనవరి 12న యెల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించారు. చదువు ఆయనకు సులభంగా అబ్బినది కాదు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని దక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణివ్యాధికి బలియైనారు. ఆ వ్యాధికి మందు కనుగొనవలెననే పట్టుదల నాటినుండి ఆయనను విడువలేదు.

అమెరికా చేరి, ఆసుపత్రిలో చిన్నపనులు చేస్తూ హార్వర్డులో చదివారు. సైరస్ ఫిస్క్‌తో కలసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1929లో వారు కండరాలనుండి ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నాడు గనుక సుబ్బారావుగారొక్కరే కనుగొన్నారనడం అభిమానమే గాని చరిత్ర కాదు. చీమ మొదలు ఏనుగు వరకు ప్రతి జీవకణమూ తన పనులకు ఖర్చు పెట్టుకొనే శక్తినాణెం ఈ ఏటీపీయే.

హార్వర్డులో స్థిరమైన పదవి లభించక 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ ఆయన నాయకత్వాన 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగులకు అది ప్రాణదానం చేసింది. సోదరులకు మాత్రం పాతికేళ్ళు ఆలస్యమైంది. ఆ ఆమ్లాన్నే పోలియుండి దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్ కూడ ఆ ప్రయోగశాలలోనే పుట్టింది. దానితో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించి, 1948 జూన్‌లో ఆ ఫలితాలను ప్రకటించాడు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావుగారు 53 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

ఈ మందు తగిలిన కణం ఏలాగున చచ్చును? డి.ఎన్.ఏ. నిర్మాణం ఆగి దెబ్బతిన్న కణం తన్ను తానే అంతం చేసుకొనును. ఇట్టి స్వయంమరణానికి పేరు వచ్చినది పురుగులనుండియే. సుబ్బారావుగారు విడిచివెళ్ళిన హార్వర్డులోనే లాక్షిన్, విలియమ్స్ అనువారు పట్టుశలభాలను పరిశీలించారు. గూడు చీల్చుకొని వెలువడేందుకు తోడ్పడిన ఉదరకండరాలు ఆ పని ముగియగానే, ఇంచుమించు రెండు దినాలలో, కరగిపోవును. 1964లో వారు దీనిని ముందే నిర్ణయమైన కణమరణమన్నారు. ఫలాలపై ముసిరే చిన్న ఈగలో ఆ ఆజ్ఞ నడిచే తీరు తరువాత తెలిసింది. ప్యూపా దశలో ఎక్డైసోన్ హార్మోను పెరుగగానే రీపర్, హిడ్ అనే జన్యువులు మేల్కొనును. వాటి ప్రోటీనులు డయాప్ అనే కావలివానిని తొలగించును. అంతవరకు దాని కట్టడిలోనున్న డ్రాంక్ అనే ఎంజైము విడివడి, తనవంటి మరికొన్నిటిని ఉసికొల్పి, లాలాజల గ్రంథులను లోలోపలనుండి కోసివేయును.

మన కణాలలో ఈ క్రమమరణానికి సైతం ఏటీపీ ఖర్చు కావలెను. అది అడుగంటిన కణం క్రమంగా ముడుచుకొని పోజాలదు. ఉబ్బి, పగిలి, చుట్టుపక్కల వాపు పుట్టించును.