ఒక్క తుపాకి వేఁటకాఁడు : కెన్నెత్తు ఆండర్సను చరిత్రము



మన సంఘ సంచికలలో దాతల చరిత్రములును, కవుల చరిత్రములును తఱచుగా వెలువడుచుండును. ఈ పర్యాయము నేనొక వేఁటకాని చరిత్రమును దమ యెదుట నుంచుచున్నాను. ఇందులకుఁ గారణము కలదు. మన క్రోసూరు ప్రాంతమున సేద్యము చేయువారు నలుగురు చేరినచోట కోఁతుల మాటయో, అడవిపందుల మాటయో రాక మానదు. అప్పుడు ఏ తుపాకి మంచిదను ప్రశ్న యొకటి పుట్టును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన దేశమున వేఁట నిషేధింపఁబడినది కాఁబట్టి ఈ ప్రశ్న కొనువారి ప్రశ్నగాక తెలిసికొనువారి ప్రశ్నగా నిలిచినది. అయినను మనుష్యుని జాడను దూరముననే పసిగట్టి, ఱెప్పపాటులో మఱుగగు జంతువును కొట్టుటకు ఆయుధము నెట్లు నిర్ణయింపవలెనను విచారము విద్యలలో నొక విద్యయే. ఆ విద్య నెఱిఁగినవాఁ డొకఁడు మన తెలుఁగుగడ్డ మీఁదనే జన్మించినాఁడు.

కెన్నెత్తు డగ్లసు స్టీవర్టు ఆండర్సను 1910వ సంవత్సరము మార్చి 8వ తేదీన హైదరాబాదు చెంతనున్న బొల్లారమున జన్మించెను. వారిది స్కాట్లండునుండి వచ్చి తరతరములుగా ఈ దేశముననే స్థిరపడిన కుటుంబము. తండ్రి సైనిక గణాంక శాఖయం దుద్యోగి. బాలుఁడు బెంగుళూరున బిషపు కాటను పాఠశాలలోను, సెయింటు జోసెఫు కళాశాలలోను చదివెను. న్యాయశాస్త్రము నభ్యసించుటకై తండ్రి యాతని ఎడింబరో నగరమునకుఁ బంపఁగా, ఆ చదువు నడుమ విడిచి తిరిగి వచ్చెను. అడవులపై మనసుగలవానిని శీతలదేశపు గ్రంథాలయము పట్టి యుంచఁగలదా? పిదప తంతి తపాలా శాఖలో పదునైదేండ్లు పనిచేసి, బెంగుళూరి విమాన కర్మాగారమున నుద్యోగియై జీవితము గడపెను.

ఆతఁడు జీతగాఁడను సంగతి ముఖ్యము. ఆ కాలమున మన దేశమున వేఁటయనఁగా రాజుల వినోదము. ఏనుఁగులు, వందలకొలఁది తోలువాండ్రు, ఒక్కొక్క మృగమునకు వేఱువేఱు తుపాకులు మోయు సేవకులు. ఆండర్సనుకు సెలవు దినములు, ఒక పాత స్టూడిబేకరు మోటారు, అడవిలో తోడు నడచు గిరిజన మిత్రులు, ఒక తుపాకి. ఇంతియే సంపద. ఎంపిక చేయుటలో వివేకము వలసినవాఁ డెవఁడనఁగా పది తుపాకులు గలవాఁడు కాఁడు, ఒక్కటే కొనఁగలవాఁడు.

ఆతని గ్రంథములందు తఱచుగా కనఁబడు ఆయుధము అమెరికా దేశపు వించెస్టరు సంస్థవారి 1895 మాదిరి రైఫిలు, 405 కొలతది. జాను మోజెసు బ్రౌనింగు అను శిల్పి దానిని నిర్మించెను. కొయ్యపిడి క్రిందనున్న మీటను ముందునకుఁ ద్రోసి వెనుకకు లాగినచో కాలిన తూటా వెడలిపోయి క్రొత్తది గొట్టములోనికి వచ్చును. 405 కొలత తూటా 1904లో బయలుదేఱెను. దాని గుండు బరువు 300 గ్రెయినులు, అనఁగా మన కంసాలి లెక్కలో తులమున్నర మీఱును. వేగము సెకనునకు 2200 అడుగులు. అమెరికా అధ్యక్షపదవి ముగిసిన పిమ్మట థియోడరు రూజ్వెల్టు 1909లో ఆఫ్రికాకు వేఁటకేఁగినప్పుడు సింహములకొఱకు ఈ మాదిరినే వెంటఁగొనిపోయి మిక్కిలి మెచ్చుకొనెను.

ఇఁక దీని గుణదోషములు విచారింతము. గుండు బరువుగలది, వెడల్పుగలది, వేగము సామాన్యము. నూఱు గజములకు గుఱి సరిచేసిన ఈ తుపాకిని రెండువందల గజములకుఁ బేల్చినచో గుండు ఇంచుమించు జానెడు క్రిందికి జాఱును. ఆఫ్రికాఖండమున బబూను అను పెద్ద కోఁతిజాతి కలదు. అది గుంపులు గుంపులుగా బండలమీఁద నుండును. గుంపులో నెవరో యొకటి ఎల్లప్పుడు కనిపెట్టుచునే యుండును. చేతికఱ్ఱ పట్టిన మనుజునకును, తుపాకి పట్టిన మనుజునకును భేద మెఱుఁగునని అచ్చటి రైతులు చెప్పుదురు. అట్టి జంతువునకు 405 పనికిరాదు. అది రెండువందల గజములలోపునకు రానిచ్చుటే యరుదు, లక్ష్యము చిన్నది, దూరమును కంటితో నంచనా వేయుటలో ముప్పది గజములు తప్పినను గుండు వ్యర్థము. కాఁబట్టి అచ్చటివారు 223 వంటి సన్నని కొలతను గైకొందురు. దాని గుండు 55 గ్రెయినులు, తులములో మూఁడవవంతునకుఁ దక్కువ. వేగము మూఁడువేల అడుగులకుఁ బైచిలుకు. అదే దూరమున మూఁడంగుళములు మాత్రమే జాఱును. దూరదర్శినీ కాచము నమర్చుకొని, రాతిమీఁద తుపాకి నానించి, నిదానముగఁ గొట్టుట వారి పద్ధతి.

అట్లయినచో ఆండర్సను చిఱుతపులివంటి మిక్కిలి జాగరూకమైన మృగమునకు ఈ బరువు తుపాకి నేల గైకొనెను? బబూను జాగ్రత్త పగటి జాగ్రత్త, దూరపు జాగ్రత్త. చిఱుత జాగ్రత్త రాత్రి జాగ్రత్త, దగ్గఱి జాగ్రత్త. అది పొదలో పది గజములలోనున్నను కానరాదు. నరభక్షకమైనచో మనుష్యుని తీరుతెన్నులన్నియు నేర్చుకొని వెనుకనుండి వచ్చును. వేఁటకాఁడు ఎఱ దాపున మంచెపైఁ గూర్చుండి, ఫ్లాస్కులోని తేనీరు త్రాగుచు తెల్లవాఱులు కదలక యుండవలెను. తుపాకి గొట్టమునకు విద్యుద్దీపము బిగించుకొని, మీట నొక్కి, వెలుఁగులో కన్నులు మెఱసిన క్షణమునఁ బేల్పవలెను. దూరము ఇరువది ముప్పది గజములకు మించదు. అచ్చట జానెడు జాఱుట ప్రశ్నయే కాదు. మొదటి గుండు కొంచెము తొలఁగినను మృగమును నిలువరించుట ఒకటి, భుజమునుండి తుపాకి దింపకయే రెండవ గుండును బంపుట యొకటి, ఈ రెండే ప్రశ్నలు. రెండు గొట్టముల ఆంగ్లేయ తుపాకి యీ పనికి శ్రేష్ఠమని పెద్దల మతము. కాని దాని వెల ఉద్యోగికి అందునదికాదు. 405 కొలతగల వించెస్టరు పొట్టపెట్టెలో నాలుగు తూటాలు పట్టును.

ఇచ్చట ప్రాణముతో ముడిపడిన మాట యొకటి కలదు. పులి సహజముగ నరభక్షకము కాదు. తన సహజాహారమును వేఁటాడఁజాలని మృగమే మనుష్యునిపైఁ బడును. అట్టి యశక్తతకు వార్ధక్యము, ఏదుపంది ముల్లు కారణములు కావచ్చును గాని, చేతఁగానివాఁడు కాల్చి విడిచిన గాయము ముఖ్యకారణములలో నొకటి. ఈ సంగతిని ఆండర్సను తన గ్రంథములలోఁ బలుమాఱు చూపెను. కాఁబట్టి తుపాకి నెన్నుకొనుటలో తప్పు చేసినవాఁడు చెడఁగొట్టుకొనునది ఒక దినపు వినోదము మాత్రమే కాదు. వాఁడు గాయపఱచి పోయిన పులి ఏ కట్టెలమోపు దెచ్చుకొను ఆఁడుదానినో పొట్టనుఁ బెట్టుకొనును. దెబ్బతిన్న మృగమును విడిచి ఇంటికి మఱలుట అకార్యమని ఆతని నియమము.

కుమావూ పర్వతముల వేఁటకాఁడైన జిం కార్బెట్టును ఇచ్చట స్మరింపక తీఱదు. చంపావతు ఆఁడుపులి 436 మందిని జంపినదని ప్రసిద్ధి. దానిని 1907లో వధించినందులకు కార్బెట్టునకు బహుమానముగ లభించినది రిగ్బీ సంస్థవారి 275 కొలత తుపాకి. 140 గ్రెయినుల గుండు, తేలికైన కొయ్య. రుద్రప్రయాగ చిఱుతను 1926లో దానితోనే కూల్చెను. బరువులో ఆండర్సను గుండునకు సగముకంటెఁ దక్కువ! అయినను ఇద్దఱును కృతకృత్యులే. పెద్ద కొలతయే గొప్పదని వాదించువారికి నా ప్రత్యుత్తర మీ ఇద్దఱి జీవితములే. ఎవని తుపాకి వాని చేతికి అవయవమువలె నలవడియుండెను. కార్బెట్టు కొండ యెక్కువాఁడు, బరువు పనికిరాదు. ఆండర్సను మంచెపైఁ గూర్చుండువాఁడు, బరువు బాధింపదు.

మన ప్రాంతీయులకుఁ బ్రియమైన సంగతి యింకొకటి. గుంటూరునుండి నరసారావుపేట, వినుకొండ, గిద్దలూరు మీఁదుగా నంద్యాలకుఁ బోవు రైలుమార్గము నల్లమలను దాఁటును. దిగువమెట్ట, చెలమ, బసవాపురము, గాజులపల్లె అను ఆ యడవి స్టేషనులు ఆండర్సను కథలలో నున్నవి. రాయలసీమలో మామండూరు, చామల లోయ యాతనికి నివాసప్రాయములు. నల్లమలలో చెంచులు ఆతనికి త్రోవచూపిరి. వారి జ్ఞానమును ఆతఁడు తన జ్ఞానముగాఁ జెప్పుకొనలేదు. బైరా యను పూజారి జాతివాని యడవి విద్యను ఆతఁడు గ్రంథములలో గురువును కొనియాడినట్లు కొనియాడెను. జాడ చదువుట, గాలి కెదురు నడచుట, లేడి యఱపు విని పులి నడక నెఱుఁగుట, ఇవి తుపాకి యంగడిలో దొరకునవి కావు గదా.

1939 మొదలు 1966 వఱకు ప్రభుత్వపు పత్రములలో ఆతని పేర నున్న లెక్క ఎనిమిది నరభక్షక చిఱుతలు, ఏడు పెద్దపులులు. మహారాజుల వందల లెక్కల ముందు ఇది యత్యల్పము. నా దృష్టిలో అదియే ఆతని గౌరవము. గ్రామములను పీడించు మృగమును మాత్రమే వెదకి కొట్టుట యాతని వ్రతముగా మాఱెను. 1954లో తొమ్మిది నరభక్షకములును, ఒక మదపుటేనుఁగును విషయముగాఁ గల మొదటి గ్రంథము వెలువడెను. తరువాతివి పెక్కు. కథనములో కొంత యలంకార మున్నదని విమర్శకు లందురు, కాదనను. కథకుఁడు మంట ప్రక్కఁ గూర్చుండి చెప్పునప్పుడు పులి రెండంగుళములు పెరుగుట లోకస్వభావము. కాని తుపాకి విషయమునను, అడవి విషయమునను ఆతని వ్రాఁత నమ్మఁదగినది.

వయసు ముదిరిన కొలఁది ఆతనికి చంపుటకంటె చూచుటయందు మక్కువ హెచ్చెను. చెట్లు నఱకఁబడుటయు, దొంగవేఁటగాండ్రు మోటారులలో వచ్చి దీపపు వెలుఁగున లేళ్లను కొట్టుటయుఁ జూచి మిక్కిలి వగచెను. 1974 ఆగస్టు 30వ తేదీన బెంగుళూరున క్యాన్సరు వ్యాధిచే మరణించెను. చివరి గ్రంథము మరణానంతరము 1976లో వెలువడెను. ఆతఁడు తిరిగిన నల్లమలలో అధికభాగము 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకమునఁ జేరెను. మన మాచర్ల వైపు అడవియును అందులోనిదే.