సుబ్బారావుగారి పసుపు మందు

కడుపుతో ఉన్నప్పుడు రక్తం బిళ్ళలు మింగని వాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి! అందులో ఉండే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మా బౌద్ధనగర్ నుంచి తార్నాక వెళ్ళినప్పుడు పోషకాహార సంస్థ గేటు చూస్తే నాకాయనే గుర్తొస్తారు. ఆయన విభాగం నుంచి వచ్చిన ఇంకో మందు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది సుఖవ్యాధులకు పనిచేసింది మరి!

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. అన్నదమ్ములిద్దరు పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ డిగ్రీతో బయటికి రావాల్సి వచ్చింది. మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. హార్వర్డులో చేరి, బతుకుతెరువు కోసం రాత్రిళ్ళు ఆస్పత్రిలో రోగుల బెడ్‌పాన్లు ఎత్తారు. ఇంటికి మళ్ళీ రానేలేదు. భార్య శేషగిరిగారు ఆయన్ని మళ్ళీ చూడనేలేదు. ఆవిడ గురించి రాయాలంటే ఇంకో పేజీ కావాలి.

1940లో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ కంపెనీలో చేరారు. బోదకాలు మందు ఆయన విభాగం నుంచి వచ్చిందే. అక్కడే డెబ్బై దాటిన డగ్గర్ అనే శాస్త్రవేత్త మిస్సోరీ పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పసుపు మందు తీశారు. బంగారు రంగుకు గుర్తుగా ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు.

దాన్ని మనుషులకు మొదట వాడింది న్యూయార్క్‌లోని హార్లెం ఆస్పత్రిలో, లూయీ రైట్ అనే నల్లజాతి డాక్టరు. రోగులకున్నది గజ్జల్లో గడ్డలు కట్టే సుఖవ్యాధి. ముదిరితే, ముఖ్యంగా ఆడవాళ్ళకు, మలం వచ్చే దారే ఇరుకైపోతుంది. చెప్పుకోలేని బాధ కదూ! అదే రోజుల్లో అలబామాలో సర్కారు డాక్టర్లు సవాయి రోగమున్న పేద నల్లవాళ్ళను వైద్యం చెయ్యకుండా పరిశీలిస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. 1932లో మొదలైన ఆ ఘోరం 1972 దాకా సాగింది. భార్యలకూ అంటింది.

ఆరియోమైసిన్ సంగతి 1948 జూలైలో లోకానికి చెప్పారు. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే పోయారు. వయసు 53.

మందుమీద పేటెంటు కంపెనీది. దాంతో ఏమైందంటే, పదేళ్ళు దాటాక అమెరికాలో సెనేటర్ కెఫావర్ కమిటీ మందుల ధరలు తవ్వి చూస్తే, ఆరియోమైసిన్ లాంటి మందులు ప్రపంచంలో అతి ఖరీదుగా అమ్ముడవుతున్న దేశాల్లో మనదీ ఒకటని తేలింది. పెద్ద తెలుగువాడు, ఖరీదు తెలుగువాళ్ళకీ అందనంత! మన పేటెంటు చట్టం 1970లో మారాకే ఆ పట్టు సడలింది. 1990ల మొదట్లో మా తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌ను చవగ్గా చేసే పద్ధతి కనిపెట్టి సిప్లా కంపెనీకి ఇవ్వగలిగారంటే ఆ చట్టం పుణ్యమే.

ఆరియోమైసిన్‌కు చుట్టమైన డాక్సీసైక్లిన్ ఇప్పుడు మందుల షాపులో చవగ్గానే దొరుకుతుంది. అయినా మా వీధిలో ఒకామె మూణ్ణెల్లు ఓర్చుకుంది. మొగుణ్ణి డబ్బులడగాలి, అడిగితే ఎందుకో చెప్పాలి, చెబితే నీకెలా వచ్చిందంటాడు. తెచ్చింది ఆయనే. చివరికి చీటీ డబ్బుల్లోంచి తీసి ఏదో క్లినిక్కుకు వెళ్తే, అవసరమున్నవీ లేనివీ కలిపి బోలెడు పరీక్షలు రాశారట. బిళ్ళలు మాత్రం ఆవిడ ఒక్కదానికే ఇచ్చారు. భర్త కూడా వాడాలని ఎవరూ చెప్పలేదు. రెండు నెలలకు మళ్ళీ అదే జబ్బు.