విశ్రాంతిలోనూ విశ్రమించని ఆస్ట్వాల్డ్

పదవీ విరమణతో పని అయిపోయిందనుకునే మనవంటి వారికి పనికివస్తుందని విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ గారి గురించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆయన 1853లో రీగా నగరంలో, చెక్క పీపాలు చేసే వృత్తిపనివారి ఇంట జన్మించారు. 1887లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. రసాయన చర్యలో తాను ఖర్చు కాకుండా దాని వేగాన్ని మార్చేదే ఉత్ప్రేరకమని తేల్చి చెప్పారు. గుమాస్తాగా చేసినవాణ్ణి గనుక నాకిలా తోస్తుంది: మంచి గుమాస్తా ఫైలును త్వరగా కదిలిస్తాడు, తాను మాత్రం ఫైలులో కలిసిపోడు.

ప్లాటినం సాయంతో అమ్మోనియా నుంచి నత్రికామ్లం చేసే పద్ధతికి 1902లో పేటెంటు పొందారు. అది ఎరువులకూ, మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు పదార్థాలకూ ఉపయోగపడింది. 1906లో, 53వ ఏట ఉద్యోగం విడిచి గ్రోస్‌బోథెన్ గ్రామం చేరారు. నోబెల్ బహుమతి ఆ తరువాతే, 1909లో వచ్చింది. పరమాణువులు లేవని చిరకాలం వాదించి, సాక్ష్యం దొరికాక ఉన్నాయని ఒప్పుకున్నారు. 1932లో కన్నుమూసేదాకా రంగుల శాస్త్రంపై కృషి చేశారు.

నేడు అదే అమ్మోనియాతో, వనేడియం వంటి ఉత్ప్రేరకంపై, 300–400 డిగ్రీల వేడిలో పొగలోని నత్రజని ఆక్సైడ్లను హాని లేని నత్రజనిగా, నీటి ఆవిరిగా మారుస్తున్నారు. మన దేశంలో థర్మల్ కేంద్రాల పొగకు 2015లో హద్దులు పెట్టారు. 2020లో కొన్నిటికి ఘనపు మీటరుకు 300 మిల్లీగ్రాములన్నదాన్ని 450కి సడలించారు. ఉబ్బసంతో బాధపడే మన వయసువారికి ఇది చిన్న విషయం కాదు. మందు తెలిసీ వాడకపోవడం తగదని నా మనవి.