నిజ్వా కోట కట్టించిన ఇమాం

ఒమన్‌లో పనిచేసే మనవాళ్లలో చాలామంది నిజ్వా కోట ముందు నిలబడి ఫొటో దిగినవాళ్లే. ఆ గుండ్రటి బురుజు ఎవరు కట్టించారంటే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. కట్టుబడి పని మీదే బతుకుతున్నాం కనుక మేం కాస్త ఆరా తీశాం.

ఆయన ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్, యారుబీ వంశస్తుడు. 1649లో గద్దెనెక్కారు. మన గోల్కొండను అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్న రోజులవి. మస్కట్ అప్పటికి 140 ఏళ్లుగా పోర్చుగీసుల చేతిలో ఉంది. 1650 జనవరిలో ఇమాం దాన్ని పట్టుకున్నారు. ఇందులో నరోత్తం అనే మన దేశపు వ్యాపారి కథ ఒకటి పాత చరిత్రల్లో ఉంది. పోర్చుగీసు అధికారి ఆయన కూతురిని పెళ్లికిమ్మని వేధించాడట. కోటలో నీళ్లు, మందుగుండు పాతబడ్డాయి, మార్చాలని నమ్మించి నరోత్తం వాటిని బయటికి తోడించి, ఇమాంకు కబురు పెట్టాడట. మరమ్మతు పేరుతో కోటనే ఖాళీ చేయించాడన్నమాట!

నిజ్వా బురుజుకు 12 ఏళ్లు పట్టిందంటారు. 1668లో దీవ్ మీద దాడిలో దొరికిన సొమ్ము కూడా ఇందులో పడిందని రాశారు. ఇమాం వ్యాపారాలు చేస్తారని గిట్టనివాళ్లు సణిగారు. అయినా కాపలా లేకుండా జనంలో తిరిగేవారని, అందరితో మామూలుగా మాట్లాడేవారని పేరుంది. 1679లో పోయారు.

మాకు నచ్చింది పనితనం. బురుజు అడుగు భాగమంతా మట్టి, రాళ్లతో నింపేశారు. పైన ఫిరంగులు పేలితే ఆ అదురు అందులోనే ఇంకిపోవాలి. పైకి ఒకటే ఇరుకు మెట్లదారి, మలుపు మలుపుకీ తలుపు, తలుపు పైన కంత. శత్రువు వస్తే అందులోంచి మరిగే ఖర్జూర పాకం పోసేవారు. 1957 యుద్ధంలో బ్రిటిష్ విమానాలు రాకెట్లు వేసినా బురుజు నిలబడింది.

గోడలకు వాడింది సరూజ్. బంకమట్టిని పిడకల్లా ఎండబెట్టి, ఖర్జూర దుంగల మీద పేర్చి కాల్చి, పొడికొట్టి కలుపుతారు. మన గానుగ సున్నం లాగే దానికీ ఓపిక కావాలి. ఈ ప్రాంతంలో పాత మట్టి ఇంటి మరమ్మతు పని ఒకటి మేం దగ్గరుండి చూశాం. కాంట్రాక్టరు తొందరపడి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాడు. లోపలి తేమ బయటికి పోయే దారిలేక రెండేళ్లకే పెచ్చులు ఊడి, వెనకున్న మట్టి కూడా రాలింది. సిమెంటు గట్టిదే, కానీ మట్టిగోడకు అది చుట్టం కాదు. పక్కనే ఉన్న బహ్లా కోట 1987లో యునెస్కో జాబితాకెక్కింది. గోడలు కరిగిపోతుంటే మరుసటేడే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు. అందులోంచి బయటపడేసరికి 2004 వచ్చింది.

సరూజ్ కాల్చడం తెలిసిన ముసలి మేస్త్రీలు తగ్గిపోతున్నారు. సైట్‌లో ఎవరైనా కనబడితే మన కుర్రాళ్లు పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. కోటకు వెళ్లాలంటే శుక్రవారం పొద్దున్నే బయల్దేరండి. పక్కన మేకల సంత కూడా చూడొచ్చు.