హార్పు వాద్యకారుడు కారొలన్

ఐరోపా ఖండమునకు పడమట, అట్లాంటిక్ మహాసముద్రమున, ఐర్లండు అను ద్వీపము కలదు. ఆ దేశపు నాణెములపై రాజముకుటము గాని సింహము గాని కానరాదు. హార్పు అను తంత్రీవాద్యము కానవచ్చును. ఒక వాద్యమును రాజ్యచిహ్నముగా నిలుపుకొన్న దేశములు లోకమున అరుదు. ఆ వాద్యమును వెంటగొని దాదాపు 45 సంవత్సరములు ఇల్లిల్లు తిరిగిన ఒక అంధుని కథ ఇది.

టర్లో కారొలన్ 1670లో మీత్ మండలమున, నాబర్ అను గ్రామమునకు సమీపమున జన్మించెను. తండ్రి జాన్ కలిమి గలవాడు కాడు. టర్లో 14 ఏండ్ల బాలుడై యుండగా ఆ కుటుంబము బ్రతుకుతెరువు వెదకికొనుచు రాస్‌కామన్ మండలమునకు తరలిపోయెను. అచ్చటి ఆల్డర్‌ఫర్డ్ అను చోట మక్‌డర్మట్ రో వంశీయులు నివసించుచుండిరి. జాన్ వారి కొలువున చేరెను. ఆ యింటి యజమానురాలు బాలుని చురుకుదనమును కనిపెట్టి అతనికి చదువు చెప్పించెను.

అట్లు నాలుగేండ్లు గడచెను. 18వ యేట టర్లోకు మశూచికము సోకెను. ఆ వ్యాధికి నాటికి టీకా లేదు. ప్రాణము దక్కినది, కన్నులు మాత్రము రెండును పోయినవి.

చూపులేని యువకునకు నాడు దారి యేది? ఆ దేశమున అంధులకు హార్పు నేర్పించు ఆచారము కలదు. యజమానురాలు అతనిని ఒక వాద్యకారునియొద్ద శిష్యునిగా చేర్చెను. శిక్షణ మూడేండ్లు సాగెను. 1691లో, 21వ యేట, ఆమె యతనికి ఒక గుఱ్ఱమును, దారి చూపుటకు ఒక సేవకుని, కొంత సొమ్మును ఇచ్చి సాగనంపెను.

ఆ నాటి హార్పు మూడు మూలలు గల కొయ్య చట్రము. దాని నాదపేటికను ఒకే కొయ్య దిమ్మెనుండి తొలిచి చేసెడివారు. ముప్పదికి పైబడిన లోహపు తీగలుండెడివి. వాద్యకారుడు దానిని ఎడమ భుజమున ఆనించుకొని, పెంచిన గోళ్లతో మీటెడివాడు. లోహపు తీగ మీటినంతనే ఊరకుండదు. దాని నాదము చాలసేపు నిలుచును. కనుక ఒక వ్రేలు క్రొత్త తీగను మీటుచుండగా, మరియొక వ్రేలు వెనుకటి తీగను ఆపవలెను. లేనిచో స్వరములన్నియు కలిసి రొద యగును. ఈ నేర్పు వ్రేళ్లకు బాల్యముననే పట్టుపడవలయును. 18 ఏండ్లకు మొదలిడిన కారొలన్ వాదనమున గొప్పవాడు కాలేకపోయెను. ఈ మాట దాచవలసిన పనిలేదు. అతని కాలము వారును దానిని దాచలేదు.

తొలిదినములలో అతడు లీట్రిమ్ మండలమున జార్జి రెనాల్డ్సు అను గృహస్థుని యింటికి పోయి వాయించెను. రెనాల్డ్సు సంగీతము తెలిసినవాడు. యువకుని వ్రేళ్లలో గొప్పతనము లేదని గ్రహించి, అతనిని అవమానింపక, వ్రేళ్లకన్న బుద్ధితో ఎక్కువ సాధింపవచ్చునేమో, స్వయముగ ఒక పాటను కట్టి చూడుమని సూచించెను. ఆ ప్రాంతమున రెండు గుట్టలు కలవు. వానిలో అదృశ్య దేవతాగణములు వసించుననియు, ఆ రెండు గణములు ఒకప్పుడు పోరాడెననియు జనులు చెప్పుకొనెడివారు. కారొలన్ ఆ కథను వస్తువుగా గైకొని ఒక పాటను కూర్చెను. నేటికిని ఐరిష్ వాద్యకారులు దానిని వాయించుచున్నారు.

అది మొదలు అతడు రాగకర్త యయ్యెను. గుఱ్ఱముపై సాగిపోవుచునే, మునుముందు చేరబోవు యింటివారి పేర ఒక రాగమును మనసున అల్లుకొనెడివాడు. ఇతరులు ముందు పద్యము చెప్పి పిదప రాగము కట్టుచుండగా, అతడు ముందు రాగమును పూర్తిచేసి తరువాత మాటలు చేర్చెడివాడు. రాత్రి భోజనానంతరము ఆ యింటివారు కూర్చుండగా ఒంటరిగా హార్పును మీటుచు, వారి పేరుతోనే వారి పాటను వినిపించెడివాడు. అవి ఐరిష్ కులీనులకు చెడు దినములు. యుద్ధములలో ఓడి పెక్కుమంది భూములు కోల్పోయియుండిరి. పేరు తప్ప మరేమియు మిగులని యింటివారికి, ఆ పేరు పాటయై వినబడుట ఎంతటి ఊరటయో ఊహింపవచ్చును. అతడు వచ్చువరకు కొన్ని యిండ్లలో వివాహములను సైతము నిలిపివేసెడివారని చెప్పుదురు.

పల్లెలలో తిరిగినను అతని చెవి పరదేశములకు మూయబడలేదు. ఇటలీ సంగీతము నాడు డబ్లిన్ నగరమున వినబడుచుండెను. కొరెల్లి మున్నగువారి పోకడలు కారొలన్ రాగములలో ఐరిష్ బాణీతో కలిసిపోయినవి. మద్యముపై అతనికి మక్కువ యెక్కువ. అది ఆరోగ్యమును చెరచెను.

అతడు మేరీ మగ్వైర్ అను నామెను వివాహమాడి, మోహిల్ సమీపమున ఇల్లు కట్టుకొనెను. ఆరుగురు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగిరి. 1733లో మేరీ మరణించెను. ఆపై అతడు కోలుకొనలేదు. 1738లో, తనకు అంత్యకాలము సమీపించెనని యెరిగి, తొలుత తనను సాగనంపిన ఆల్డర్‌ఫర్డ్ యింటికే మరలిపోయెను. ఆ యజమానురాలు ఇంకను జీవించియుండెను. అతడు హార్పును తెప్పించుకొని, సంగీతమునకు వీడ్కోలుగా ఒక రాగమును వాయించి పడకకు చేరెనని చెప్పుదురు. మార్చి 25వ తేదీన కన్నుమూసెను. అతనిని ఆ వంశీయుల సమాధియందే ఉంచిరి.

కారొలన్ కూర్చినవి 200కు పైబడిన రాగములు. అతడు కానలేడు గనుక వ్రాయలేదు. వినినవారి జ్ఞాపకమే వానికి పుస్తకము. 1748లో కొన్ని డబ్లిన్‌లో అచ్చుపడెను. తరువాత హార్పు వాద్యకారులే అరుదైపోయిరి. 1792 జూలైలో బెల్‌ఫాస్టు నగరమున, మిగిలినవారిని ఒకచోట చేర్చిరి. వచ్చిన ఐరిష్ వాద్యకారులు పదిమంది మాత్రమే. వారిలో డెనిస్ హెంప్సన్ అను అంధవృద్ధుడు ఒక్కడే పూర్వపద్ధతిని విడువక గోళ్లతో మీటెను. ఎడ్వర్డ్ బంటింగ్ అను 19 ఏండ్ల యువకుడు వారు వాయించినదానిని వ్రాసికొనెను. కారొలన్ రాగములు పెక్కు ఇట్లే మనకు దక్కినవి. అయితే నాటి ప్రతులలో చాలవరకు పై స్వరముల వరుస మాత్రమే కలదు. మంద్రస్థాయి తీగలపై అతని రెండవ చేయి ఏమి పలికించెనో ఎవరును వ్రాసియుంచలేదు. నేటి వాద్యకారులు ఆ భాగమును ఎవరికి వారే కల్పించుకొని వాయించుచున్నారు.