హాస్టల్ నుంచి వరద ఊళ్లకు – మేఘనాథ్ సాహా



ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌లో సాహా సమీకరణం చదివేటప్పుడు, ఆయన కూడా మనలాగే కష్టపడి చదువుకున్న హాస్టల్ విద్యార్థి అని నాకు తెలియదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అందుకే ఆయన కథ మీతో పంచుకోవాలనిపించింది.

మేఘనాథ్ సాహా 1893 అక్టోబరు 6న, నేటి బంగ్లాదేశ్‌లో ఢాకాకు దగ్గరలోని ఒక పల్లెటూళ్లో పుట్టారు. తండ్రిది చిన్న కొట్టు. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన ఐదోవారు. పై చదువుకు ఊళ్లో బడి లేదు. వేరే ఊళ్లో ఒక డాక్టరు గారు దయతలచి తన ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టారు. ఆ ఇంటి ఆవును చూసుకుంటూ, తన కంచం తానే కడుక్కుంటూ చదివి స్కాలర్‌షిప్ సంపాదించారు. బెంగాల్ విభజన రోజుల్లో నిరసనలో పాల్గొన్నందుకు ఆ స్కాలర్‌షిప్ పోయింది. అయినా చదువు ఆపలేదు. 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు.

అక్కడి హాస్టల్‌లో, తక్కువ కులం వాడని కొందరు విద్యార్థులు ఆయనతో కలిసి భోజనానికి కూర్చోలేదు. ఆ బాధ ఎలాంటిదో మనలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు.

1913లో దామోదర్ నది గట్లు తెంచుకుని బర్ద్వాన్ ప్రాంతాన్ని ముంచేసింది. విద్యార్థులు వాలంటీర్లుగా బయల్దేరారు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండని సాహా కూడా వెళ్లారు. పంక్తిలో తనకు చోటివ్వని లోకంతో నాకేం పని అని ఆయన అనుకోలేదు.

1922లో ఉత్తర బెంగాల్‌కు పెద్ద వరద వచ్చింది. అప్పటికి సాహా పేరున్న ప్రొఫెసరు. అయినా తన గురువు ప్రఫుల్ల చంద్ర రే నడిపిన సహాయ కమిటీలో పనిచేశారు. సైన్స్ కాలేజీయే ఆ కమిటీ కార్యాలయం అయింది. శాంతాహార్‌లో వాలంటీర్లను యువకుడైన సుభాష్ చంద్ర బోస్ నడిపించారు. అన్నం, బట్టలతో సరిపెట్టకుండా, బతుకుతెరువు కోసం రాట్నాలు కూడా పంచారు.

సాహా అంతటితో ఆగలేదు. వరద అసలు ఎందుకు వస్తోందని అడిగారు. నదుల గురించి ఏళ్ల తరబడి చదివారు, రాశారు. 1943లో దామోదర్ మళ్లీ పొంగి రైలు మార్గాన్ని తెంచేసినప్పుడు ప్రభుత్వం వేసిన విచారణ కమిటీలో సభ్యుడయ్యారు. నది మొత్తానికీ ఒకే ప్రణాళిక ఉండాలని వాదించారు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడింది. ఆ డ్యాముల వల్ల వరదలు పూర్తిగా ఆగలేదు, ఊళ్లు కోల్పోయిన వాళ్లూ ఉన్నారు. కానీ వరద ఉధృతి తగ్గింది. 1952లో సాహా లోక్‌సభకు గెలిచారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్లానింగ్ కమిషన్‌కు వెళుతూ దారిలోనే కుప్పకూలి కన్నుమూశారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు మేమూ కొందరం అన్నం పొట్లాలు మోశాం. రెండు రోజులు తిరిగి, ఫొటోలు దిగి వచ్చేశాం. ఆ నీళ్లు అక్కడికి ఎందుకు వచ్చాయని నేను అడగలేదు. సాహా గారి జీవితం చదివాక ఆ సంగతి తలచుకుంటే సిగ్గేసింది.

తమ్ముళ్లూ! వరద వస్తే తప్పకుండా వెళ్లండి. నీళ్లు తీశాక కూడా ఆ ఊళ్లను మరిచిపోకండి. మన చదువుకు అక్కడ చాలా పనుంది.